నిండేది గల్లాపెట్టె

బాలింతకు పాలు చాలడం లేదన్న మాట గుమ్మం దాటితే చాలు, అఫ్జల్‌గంజ్ నుంచి బేగంబజార్ దాకా సరుకంతా లేచి నిలబడుతుంది. మెంతులు, సోంపు, జీలకర్ర, వెల్లుల్లి, శొంఠి, గోంద్ లడ్డూలోకి తుమ్మజిగురు, అందులోకి బాదం, అన్నిటికీ సరిపడా నెయ్యి. సందులో శతావరి చూర్ణం పొట్లాల్లో దొరుకుతుంది. ఉస్మానియా ఆసుపత్రి వైపు నడిచి మందుల షాపులో అడిగితే అదే శతావరి డబ్బాలోకెక్కి, కొత్త రుచి తొడుక్కుని, ఇంకాస్త మర్యాదస్తుల ధరకు దొరుకుతుంది. ఈలోగా కోస్తా చుట్టమెవరో ఫోన్ చేసి పాలసొర పుట్టు పెట్టారా అని అడగకపోతే అది వాళ్ల దయ.

తిండితో నాకు పేచీ లేదు. పాలిచ్చే తల్లికి రోజుకు ఐదారు వందల కేలరీలు అదనంగా కావాలి, ఆ లెక్కకు గోంద్ లడ్డూ ఎంతో పనికొస్తుంది. నా తగాదా అంతా లడ్డూకు అతికించిన హామీతోనే: "మూడు రోజులు తినిపించక్కా, పాలు పొంగకపోతే నన్నడుగు." అడగడానికి వెళ్తే అతను మరో పొట్లం కడతాడు. మెంతులు, శతావరి, మునగాకు, అల్లం, అరటిపువ్వు లాంటివాటి మీద, పాలు పెంచుతాయనే మాత్రల మీద కలిపి జరిగిన 41 ప్రయోగాలను 2020లో కాక్రేన్ సమీక్షకులు జల్లెడ పట్టారు. కాస్త పెరిగితే పెరగవచ్చు, ఎంతన్నది గట్టిగా చెప్పేంత ఆధారం లేదని తేల్చారు. మెంతులు మోతాదు మించితే చక్కెర పడిపోవచ్చు. రక్తం పలుచబరిచే వార్ఫరిన్ వాడేవాళ్లకు పడవు. ఈ మాటలు పొట్లం కట్టే కాగితం మీద ఎక్కడా కనబడవు.

మెంతుల మీద ఇప్పుడు కొత్త దేవుడొకడు వెలిశాడు. బ్రెస్ట్ పంపు సీసా మీది గీతలు ఆయన నామాలు. కోడలు తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి అత్తగారు, ఆడపడుచు, మొన్ననే చూసి వెళ్లి మళ్లీ వచ్చిన పక్కింటి పిన్ని, అందరూ సీసా మీదికే వంగుతారు. వానాకాలంలో పేపర్లో గండిపేట నీటిమట్టం చూసుకునే నగరం కదా, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? "నలభై మిల్లీలీటర్లేనా బిడ్డా?" ఆ బిడ్డకు ఆ పూట ఇక అన్నం దిగదు.

పిల్లవాడు రొమ్ము తాగుతూనే ఉన్నప్పుడు, మధ్యలో పంపు పెడితే రెండువైపులా కలిపి 15 నుంచి 60 మిల్లీలీటర్లు రావడం మామూలే. పుట్టిన రోజున పసివాడు ఒక్క విడతకు చెంచాడు తాగడమే గొప్ప. పంపులోకి రానంత మాత్రాన లోపల లేవనడం తొందరపాటు, యంత్రం ఎప్పుడూ పిల్లవాడంత నేర్పరి కాదు. పాలు చాలుతున్నాయో లేదో తెలియాలంటే మొదటి వారం దాటాక రోజుకు ఆరు లంగోటీలైనా తడుస్తున్నాయా, బరువు పెరుగుతోందా చూడాలి. లంగోటీలు లెక్కపెట్టడంలో ఎవరికీ రూపాయి మిగలదు కనుక ఆ సలహా బజారులో దొరకదు.

గండిపేట పోలిక కూడా తిరగబడుతుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి అఫ్జల్‌గంజ్‌ను ముంచేశాకే ఆ జలాశయం కట్టారు, గేట్లు మూస్తే నిండేలా. రొమ్ముకు గేట్లు మూస్తే ఎండుతుంది. లోపల నిలిచిపోయిన పాలే 'ఇక చాలు' అని కబురు పంపి తయారీని తగ్గించేస్తాయి. ఖాళీ అయినకొద్దీ తయారీ వేగం అందుకుంటుంది. పిల్లవాడు చప్పరించినా పంపు లాగినా ప్రొలాక్టిన్ లేస్తుంది, రాత్రిపూట మరీ ఎక్కువ. ఆక్సిటోసిన్ వస్తేనే పాలు చేపుకొస్తాయి, భయం, నొప్పి, సిగ్గు దాన్ని బిగబట్టేస్తాయి. సీసా చుట్టూ చేరిన తనిఖీ బృందం ఈ మూడింటినీ ఉచితంగా అందిస్తుంది.

కనుక పంపు మీదే ఆధారపడిన తల్లికి అసలు మందు ఇదీ: ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది నుంచి పది సార్లు తీయడం, అందులో ఒకటి రాత్రి. చనుమొన కొలతకు సరిపోయే గరాటు, ముందు కాసేపు చేత్తో మర్దన, చివర చేత్తోనే పిండడం. వీలైనప్పుడల్లా బిడ్డ చర్మం తల్లి చర్మానికి ఆనాలి. ఇన్ని చేసినా పెరగకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. థైరాయిడ్ ఉండవచ్చు, కాన్పులో రక్తం ఎక్కువ పోయి ఉండవచ్చు, మాయ ముక్క మిగిలి ఉండవచ్చు. వాటికి లడ్డూ జవాబు కాదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే వాంతుల మాత్ర డాంపెరిడోన్ అసలే కాదు. గుండె లయ తప్పించే ప్రమాదం ఉందని అమెరికా ఎఫ్‌డీఏ 2004లోనే పాలిచ్చే తల్లులను హెచ్చరించింది.

ఈ మందుకు గిరాకీ ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు. మెంతులు తినేది కోడలొక్కతే. పంపుకు ఇంట్లో అందరూ మారాలి. ఎనిమిదిసార్లు ఇరవై నిమిషాల చొప్పున ఆమె కూర్చుంటే గిన్నెలు ఎవరు తోమాలి? రాత్రి రెండింటికి పంపు భాగాలు వేడినీళ్లలో ఎవరు కడగాలి? పిల్లవాడి తండ్రి చేతికి పని తగలకుండా ఉండాలంటే తప్పు తల్లి ఒంట్లో ఉండాలి, పరిష్కారం పొట్లంలో ఉండాలి. పుట్టిన పూట ముర్రుపాలు పారబోయించి నోట్లో తేనె నాకించిన పెద్దలే మూడోనాటికి "పాలు పడలేదు" అని తీర్పు చెబుతారు.

ఇక కౌంటర్ వెనక నిలబడే తల్లి సంగతి. అఫ్జల్‌గంజ్ దుకాణంలో ఆమె పొద్దుటి నుంచి రాత్రిదాకా ఇంకొకరి బాలింత కోసం సోంపు తూస్తుంటుంది. బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం రాసింది. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ మాట ఉంది. యాభైమంది పనిచేసేచోట శిశుగృహం కూడా ఉండాలి. సేఠ్‌గారి దుకాణంలో మెంతుల బస్తాలకు గది ఉంది, గదికి తలుపుంది, తలుపుకు తాళముంది. ఆమె పంపుకు మాత్రం మెట్ల కింద మూల.

చట్టం గురించి అడిగి చూడండి. దుకాణాలకు ఇది వర్తించాలంటే కనీసం పదిమంది పనివాళ్లుండాలని ఆయనకు కంఠతా వచ్చు. మీ కళ్లముందే లెక్కపెట్టి చూపిస్తాడు, సరిగ్గా తొమ్మిది. తూకం దగ్గర చెమటలు కక్కుతున్న ఆ పదో కుర్రాడెవరయ్యా అంటే, "వాడా? మా తమ్ముడి కొడుకు. ఊరికే వచ్చి కూర్చుంటాడు."