పన్ను దగ్గర చిక్కే గుర్రం

క్షణంలో ఒళ్లు చేసి, మరుక్షణం చిక్కిపోగల జంతువు లోకంలో ఒక్కటే ఉంది. అది హార్స్‌పవర్‌లోని గుర్రం. పన్నులవాళ్లో కరెంటువాళ్లో వస్తున్నారని వినగానే దాని డొక్కలు లోపలికి పోయి ఎముకలు తేలతాయి. కొనేవాడు గుమ్మం ఎక్కాడో లేదో తోక పైకెత్తి సకిలిస్తుంది. కొలత మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, దాదాపు 746 వాట్లు. మారేదల్లా అడిగేవాడు.

ఈ గుర్రాన్ని బజారుకు తెచ్చింది స్కాట్లండ్ ఇంజనీరు జేమ్స్ వాట్. ఆయన ఆవిరి యంత్రాలు అమ్ముకోవాలి. కొనాల్సినవాళ్లేమో మిల్లుల్లో గుర్రాలను గుండ్రంగా తిప్పుకుంటూ కాలం గడుపుతున్నారు. ‘నీ యంత్రం ఎన్ని గుర్రాల పెట్టు?’ అన్నదే వాళ్ల ప్రశ్న. 1780లలో వాట్ లెక్క తేల్చాడు. 33,000 పౌండ్ల బరువును నిమిషంలో ఒక అడుగు ఎత్తితే అది ఒక గుర్రం. మామూలు గుర్రం రోజంతా అంత పని చేయలేదు. అంటే వాట్ పెట్టిన కొలబద్ద తన యంత్రానికే కష్టమైనది. అమ్మేవాడు అలాంటి పని చేయడం అదే మొదలు. బహుశా అదే ఆఖరు.

ప్రభుత్వాలు గుర్రాలను లెక్కబెట్టి పన్ను వేయబోయేసరికి గుర్రం తెలివిమీరింది. బ్రిటన్‌లో ఒకప్పుడు కారు పన్ను లెక్క సిలిండర్ల వెడల్పునూ సంఖ్యనూ మాత్రమే చూసేది. లోపల పిస్టన్ ఎంత దూరం కదులుతుందో దానికి పట్టేది కాదు. అక్కడి ఇంజనీర్లు సన్నగా, పొడుగ్గా ఉండే సిలిండర్లు గీసుకున్నారు. 1948లో బయటికొచ్చిన ఫ్రెంచి కారు సిత్రోయెన్ 2సీవీ పేరులో రెండే గుర్రాలున్నాయి. అవి పన్ను గుర్రాలు. అసలు ఇంజన్‌లో ఉన్నవి 9. అమెరికాలో మాత్రం గుర్రం షోరూంలో పెరిగింది కాబట్టి బలిసింది. సైలెన్సర్లూ ఫ్యాన్లూ ఊడదీసిన ఇంజన్‌ను బల్ల మీద పెట్టి కొలిచి, ఆ అంకెనే అచ్చేసేవాళ్లు. 1972లో అన్నీ బిగించి కొలవాల్సి వచ్చింది. కాడిలాక్ ఎల్డొరాడో అంకె 365 నుంచి 235కు దిగింది. ఇంజన్ అదే.

మన పొలాలకొస్తే ఎన్టీఆర్ హయాంలో వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు నడిచింది. ఎన్ని యూనిట్లు కాల్చావన్నది ఎవరికీ పట్టదు, ప్లేటు మీద అంకె ఎంతో బిల్లు అంత. మోటారు తయారుచేసేవాళ్లకు ఇంతకన్నా వరం ఏం కావాలి? ఏడున్నర పనిచేసే మోటారుకు ‘5 హెచ్‌పీ’ అని ప్లేటు కొట్టి ఇచ్చారు. 2004లో కరెంటు ఉచితమైంది. ఇంకా ప్లేటు మీద అబద్ధం దేనికంటారా? కొత్త కనెక్షన్‌కు కట్టే డీడీ హెచ్‌పీల లెక్కనే కదా.

ఇందులో రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. నీళ్లు ఏటికేడు పాతాళానికి పోతుంటే, నిజాయితీగల ఐదు హెచ్‌పీ అక్కడిదాకా దిగి చేతులెత్తేస్తుంది. ప్లేట్లు కొట్టినవాళ్లూ, అన్నీ తెలిసి కళ్లు మూసుకున్నవాళ్లూ వేరే ఉన్నారు. పైగా ఇదేమైనా రహస్యమా? స్టార్టర్ డబ్బాలో ఆంపియర్ మీటరు ముల్లు రోజూ అసలు సంగతి చెబుతూనే ఉంటుంది.

25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద అలాంటి ‘ఐదు’లు ఐదున్నాయనుకుందాం. హెచ్‌పీకి సుమారు ఒక కేవీఏ పడుతుంది. కాగితం మీద లెక్క అతికినట్టు సరిపోయింది. నిజానికి అవి ఏడున్నరలైతే లోడు 37 దాటింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్లేట్లు చదవడం రాదు కనుక కాలిపోతుంది. అప్పుడు రైతులంతా చందాలు వేసుకుని, దాన్ని ట్రాక్టరెక్కించి రిపేరుకు తోలతారు. డీడీలో మిగిలింది చందాలో పోయింది. ఈలోగా పైరు ఎండింది. దాని లెక్క ఏ ప్లేటు మీదా ఉండదు.

అదే రైతు కొడుకు హైదరాబాద్ ఫ్లాట్‌లోకి ట్రెడ్‌మిల్ కొంటాడు. అట్టపెట్టె మీద ‘6 హెచ్‌పీ పీక్’ అని తాటికాయంత అక్షరాలు. పాతాళం నుంచి నీళ్లు తోడటానికి ఐదు చాలని ఊళ్లో రాసిచ్చాం. ఇక్కడ డెబ్బై కిలోల మనిషి ఉన్నచోటే పరుగెత్తడానికి ఆరు కావాలట! ఆరు హెచ్‌పీలంటే 4,476 వాట్లు. గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల దగ్గర ఇవ్వగలిగింది 3,680. తక్కిన 796 వాట్లు ‘పీక్’ అన్న మాటలోంచి పుడతాయి. ‘కంటిన్యువస్ ఎంత?’ అని అడిగి చూడండి, ఆరు కాస్తా రెండో మూడో అవుతుంది.

కార్లవాళ్ల చమత్కారం ఇంకా నాజూకు. 98.6 బీహెచ్‌పీ అని రాస్తే ఫస్ట్ ర్యాంకు తప్పినట్టుంటుంది. జర్మన్ గుర్రమైన పీఎస్ కాస్త బక్కది, 735.5 వాట్లే. దానితో కొలిస్తే అదే ఇంజన్ నిండుగా నూరు. నేను దీన్ని మోసమనను. మర్యాదస్తుల గణితం అంటాను.

గుర్రాన్ని లాయంలో కట్టేసి వాట్లలో మాట్లాడుకుంటే ఈ పీడ వదులుతుందని కొందరు చదువుకున్నవాళ్ల సలహా. వాళ్లను ఎలక్ట్రిక్ స్కూటర్ల కొట్టు దగ్గరికి పంపాలి. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బండికి మన దేశంలో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. దాంతో ఎంత బలమైన మోటారుకైనా 250 అన్న అంకె తెగ నచ్చేసింది. ఇద్దరు మనుషులు, కాళ్ల దగ్గర పాతిక కిలోల బియ్యం బస్తా, ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆటోను దాటేసి పోతున్న బండిని మీరూ చూసే ఉంటారు. పోలీసు ఆపి కాగితాలు అడిగితే మాత్రం అది గుర్రంలో మూడోవంతు.