మోటారుకారు మౌనము కొఱకు ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖవారి దివ్యసముఖమునకు,

అయ్యా,

పూర్వము జట్కాబండి తోలువాడు ఊరివారి రాకపోకలన్నియు ఎఱిగియుండి, మనసు పుట్టినపుడు నాలుగు వీధులలో చాటుచుండెడివాడు గాని, వానికి నిద్ర యుండెడిది, మఱపుండెడిది, అణా చేతిలో పెట్టిన నోరు మూతపడెడిది. సిమ్ కార్డును గర్భమున ధరించి పుట్టుచున్న నేటి కార్లకు ఈ మూడు సుగుణములలో ఒక్కటియు లేదని విన్నవించుకొనుటకే ఈ లేఖ.

తమ శాఖ ప్రజారవాణా వాహనములకు జాడ తెలుపు పరికరమును, ఆపద మీటను విధించినపుడు మేము హర్షించితిమి. అర్ధరాత్రి ఒంటరిగా క్యాబు ఎక్కిన ఆడపిల్లకు ఆ మీట రక్ష. సొంత కారు సంగతి వేఱు. కొత్త కారు ఇంటికి తెచ్చుకొను నాడు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దిష్టి తీయుటలో కుటుంబమంతయు తలమునకలై యుండగా, షోరూము కుఱ్ఱవాడు తెరపై ప్రత్యక్షమైన షరతులనన్నింటిని చూపుడువ్రేలితో పైకి త్రోసివేసి, "అంగీకరిస్తున్నాను" అను గడిని తానే నొక్కును. నరదృష్టికి విరుగుడు జరుగుచున్న ఆ శుభముహూర్తముననే యంత్రదృష్టికి తలుపు తెఱచుకొనును.

ఆ దృష్టి యెంత నిశితమో అమెరికావారు చవిచూచినారు. జనరల్ మోటార్స్ సంస్థ కార్ల ఉనికిని ఒక్కొక్కప్పుడు మూడు సెకనులకొకసారి గ్రహించినదని, ఎవరు గట్టిగా బ్రేకు త్రొక్కిరో, ఎవరు రాత్రివేళ బండి నడపిరో ఆ చిట్టాను విక్రయించినదని, అది బీమా కంపెనీల చేతికి చేరినదని ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో అభియోగము మోపినది. కుక్కపిల్ల అడ్డము వచ్చినదని బ్రేకు త్రొక్కిన దయాళువు ఆ చిట్టాలో దుడుకు చోదకుడగును గదా!

నోరున్న యంత్రమునకు చెవులును ఉండును. ఆ చెవిలో ఎవడైనను ఊదవచ్చును. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అను ఇరువురు నిపుణులు ఇంట కూర్చుండియే, సెయింట్ లూయిస్ దాపున రహదారిపై పోవుచున్న జీప్ చెరోకీలో, ముందే ఒప్పుకొన్న విలేఖరి చక్రము పట్టియుండగా, చలిగాలి విసరించి, రేడియో మ్రోగించి, వైపర్లు ఆడించి, తుదకు యాక్సిలరేటరు ఎంత త్రొక్కినను బండి వేగమందుకొనకుండునట్లు చేసిరి. కంపెనీ 14 లక్షల వాహనములను సరిచేయుటకు పూనుకొనవలసి వచ్చెను.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టమును వచ్చెను. ఆ చట్టము కోరు సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై యుండవలెను. మా తరఫున షోరూము కుఱ్ఱవాడిచ్చినది ఏ కోవలోనిదో తామే సెలవియ్యవలెను.

కావున డ్యాష్‌బోర్డుపై పెట్రోలు ముల్లు ప్రక్కనే ఒక మీట పెట్టింపుడు. అది నొక్కిన కారు నోరు మూయవలెను. మూసినందుకు వారంటీ రద్దు కారాదు, బ్రేకులు అలుగరాదు. ప్రమాదమున అంబులెన్సును పిలుచుటకు మాత్రము మౌనవ్రతభంగమును అనుమతింపవచ్చును. కారు అమ్మివేసినపుడు అందులో మిగిలిన మా ఫోను నంబర్లును, ఇంటి దారియు కొనుగోలుదారునకు కట్నముగా పోకుండ చెరుపు భారము డీలరుపై వేయుడు.

చిత్తగింపవలెను.

ఇట్లు,
ఆర్.సి. పుస్తకమున మాత్రము యజమాని