జీతాలు ఆగాయా? ప్రధానిని పిలవండి!

మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బాంగీలో ప్రధానమంత్రి కుర్చీ ఖాళీ అయిందని తెలిస్తే తొందరపడి దరఖాస్తు పెట్టకండి. ముందు సర్కారు ఉద్యోగులకు జీతాలు అందుతున్నాయో లేదో వాకబు చేయండి. ఆ దేశంలో ఈ పదవికి కావాల్సింది పెద్ద చదువు కాదు, గట్టి వీపు.

మన దగ్గర రాష్ట్రపతి సంతకం పెడతారు, ప్రధాని పాలిస్తారు. అక్కడ పాలించేది అధ్యక్షుడు. విధానం ఆయనది, సైన్యం ఆయనది, ప్రధానిని వేసేదీ తీసేదీ ఆయనే. మరి ప్రధానికి ఏం మిగిలిందంటారా? సమ్మెలు.

2008 జనవరిలో జీతాలందని ఉద్యోగులు సమ్మె కట్టారు. ఖజానా ఖాళీ అయినందుకు అధ్యక్షుడు బోజిజే తప్పుకోవాలా? అబ్బే, ప్రధాని ఎలీ దొతే ఇంటికెళ్లారు. ఆయన స్థానంలో బాంగీ విశ్వవిద్యాలయం రెక్టార్, గణితం ప్రొఫెసర్ తువాదెరా వచ్చారు. లేని సొమ్ము పంచడానికి లెక్కల మాస్టారిని మించినవారు ఎక్కడ దొరుకుతారు? ఐదేళ్లు పంచారు.

ఇక ఎలిజబెత్ దొమితియెన్ కథ చూడండి. 1975లో అప్పటి అధ్యక్షుడు బొకాసా ఆమెను ప్రధానిని చేశాడు. ఆఫ్రికా మొత్తానికి తొలి మహిళా ప్రధాని! ఇంతలో బొకాసాకు అధ్యక్ష పదవి చిన్నదనిపించింది, చక్రవర్తి కావాలని బుద్ధి పుట్టింది. ఆ ముచ్చట ఆమెకు రుచించలేదంటారు. 1976 ఏప్రిల్‌లో పదవి ఊడింది. 1977 డిసెంబర్‌లో బొకాసా కిరీటం పెట్టుకునే నాటికి ప్రధానిగా ఆంజ్-ఫెలిక్స్ పతాసే ఉన్నారు. 1979లో బొకాసా కూలిపోయాక, ఆయన పాపాలను కప్పిపుచ్చావంటూ దొమితియెన్‌ను విచారించి జైల్లో పెట్టారు. చక్రవర్తి పీఠం వద్దన్నందుకు ఉద్యోగం పోయె, చక్రవర్తి కాబోయేవాడి కొలువులో ఉన్నందుకు జైలు వచ్చె. అప్పుడు సదరు చక్రవర్తిగారు ఐవరీ కోస్ట్‌లో తలదాచుకుంటున్నారు.

పతాసే 1993లో తానే అధ్యక్షుడయ్యారు. ప్రధాని కుర్చీలో కూర్చుని వచ్చినవారు కదా, పదేళ్లు తిరక్కుండానే ఆరుగురు ప్రధానులను చూశారు.

2013లో కొత్త ప్రయోగం. తిరుగుబాటుదార్లతో రాజీ కుదిరి, ప్రతిపక్షానికి చెందిన లాయరు నికొలా తియాంగయే ప్రధాని అయ్యారు. రెండు నెలలకే రాజీ చిరిగింది, బోజిజే పారిపోయారు, తిరుగుబాటు నాయకుడు జోతోదియా గద్దెనెక్కాడు. తియాంగయే మాత్రం అదే సీట్లో ఉన్నారు. మరుసటి జనవరిలో జోతోదియా రాజీనామా చేస్తే, ఈసారి ఆయనా వెంట నడిచారు.

ఇంత పనికిమాలిన పదవి కోసం ఎవరైనా ఎందుకు ఎగబడతారు? 2016 ఎన్నికల తుది పోరులో తలపడిన తువాదెరా, దొలొగెలె ఇద్దరూ మాజీ ప్రధానులే. చేతిలో ఏమీ లేని కుర్చీయే పై కుర్చీకి దారి. పొరుగున కామెరూన్‌లో ఈ సంగతి అందరికంటే బాగా ఎరిగినవారు పాల్ బియా. ప్రధానిగా ఉండి 1982లో అధ్యక్షుడయ్యారు. 1984లో అసలు ప్రధాని పదవినే రద్దు చేశారు! తాను ఎక్కిన నిచ్చెనను ఇంకొకరు ఎక్కుతుంటే చూడటం ఎవరి తరం? 1991లో దాన్ని తిరిగి తెచ్చారు గానీ, తానుమాత్రం పైనుంచి దిగలేదు.

2016 పోరులో గెలిచి అధ్యక్షుడైన తువాదెరా అంత మొరటు మనిషి కాదు. ప్రధాని కుర్చీ జోలికి పోలేదు. 2023లో కొత్త రాజ్యాంగం తెచ్చి అధ్యక్షుడి ఐదేళ్ల గడువును ఏడేళ్లు చేశారు, రెండుసార్లే అన్న షరతును ఎత్తేశారు. ఇప్పుడు ప్రధానిగా ఎంతటి గణిత మేధావిని కూర్చోబెట్టినా, పై కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో లెక్క కట్టలేడు.