గోడకు అటు సూటు, ఇటు తువ్వాల

హైదరాబాద్ శివారు శామీర్‌పేట వైపు ఆరోగ్యానికి కొదవేమిటి? టీకా కంపెనీల జీనోమ్ వ్యాలీ ఇక్కడే. 2021లో దేశం చేతికి గుచ్చుకున్న కోవిడ్ టీకా కోవాగ్జిన్ తయారైందీ ఇక్కడే. ధనుర్వాతం టీకాకు పేరుపడ్డ బయలాజికల్ ఇ ప్లాంటూ ఈ దారిలోనే.

ఆ ప్లాంట్లలో టీకా చేసే గదిలోకి అడుగు పెట్టాలంటే నెత్తి నుంచి కాళ్ల దాకా సూటు, చేతులకు తొడుగులు, మొహానికి మాస్కు. కాస్త దూరంలో కూరగాయల మడిలో పురుగుమందు కొట్టే కూలీకి ఈ బాదరబందీ లేదు. తువ్వాల చాలు. ముక్కుకు చుట్టుకునేదీ అదే, చెమట తుడిచేదీ అదే, పంపు కారి వీపు తడిస్తే ఒత్తేదీ అదే. సద్ది విప్పే ముందు చేతులు తుడుచుకునేదీ అదే. నాజిల్‌లో నలుసు ఇరుక్కుంటే విప్పి నోటితో ఊదుతాడు. ఇదేమిటని అడిగితే, "ఏం గాదు పటేలా, అలవాటే" అంటాడు.

చట్టం మాత్రం ఊరుకోలేదు. రక్షణ దుస్తులు, శ్వాస పరికరాలు, విరుగుడు మందులు, ప్రథమ చికిత్స అన్నీ 1971 పురుగుమందుల నిబంధనల్లోనే రాసిపెట్టింది. డబ్బా మీద రంగు గుర్తూ వేయించింది: ఎరుపైతే అతి ప్రమాదం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. కూలీ దగ్గరికొచ్చేసరికి ఆ మందు బకెట్లో కలిసిపోయి ఉంటుంది. బకెట్టుకు లేబుల్ అంటించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఊపిరితోనే కాదు, తడిసిన చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి. కంటిపాప చిన్నదవుతుంది, నోట్లో నీరూరుతుంది, వాంతులవుతాయి. ఈ విషానికి అట్రోపిన్ అనే విరుగుడుంది. మడి గట్టున మాత్రం ఈ లక్షణాల పేరు ఎండదెబ్బ, విరుగుడు మజ్జిగ.

2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్‌లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. గాలికి ఎదురు నిలబడకుండా కొట్టడానికి, పని కాగానే సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చడానికి అయ్యే ఖర్చెంత? తొడుగుల జత ధర కలిపినా మందు డబ్బా ధరకు సాటిరాదు.

పోనీ, ప్రాణం పోయాకైనా? 2018లో తెలంగాణలో వచ్చిన రైతుబీమా 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చేలా పెట్టింది. భూమి గజాల లెక్కన అమ్ముడుపోయే ఈ మేడ్చల్ జిల్లాలో పట్టా ఆసామి నగరంలో ఉన్నా ఆయనకు బీమా ఉంటుంది. పంపు మోసే కూలీకి పట్టా లేదు, బీమా లేదు. ఖర్చుల చిట్టాలో మందు డబ్బా పేరుంటుంది, కంపెనీ పేరుంటుంది, ధర ఉంటుంది. ఆ కింది వరుసలో "కూలి" అని మాత్రమే ఉంటుంది.