హాలిడే మెంబర్‌షిప్ అమ్ముకోవడానికి ఆరు అమోఘమైన చిట్కాలు

షాపింగ్ మాల్‌లో లక్కీ డ్రా కూపన్ నింపారు. భార్యాభర్తలిద్దరూ కలిసొస్తేనే గిఫ్ట్ అన్నారు, వెళ్లారు. ‘ఈ రేటు ఈ ఒక్క రోజే’ అనగానే పాతికేళ్ల విహారయాత్రలకు సంతకం పెట్టేశారు. పదేళ్లయ్యాక ఇప్పుడు వదిలించుకుందామనుకుంటున్నారు. శుభం. ఇవి పాటించండి.

1. కొన్న ధరకు పదేళ్ల బ్యాంకు వడ్డీ కలిపి రేటు చెప్పండి. ‘పాతికేళ్లలో పది అయిపోయాయి కదండీ’ అని ఎవరైనా నసిగితే, భూముల ధరలు పెరగడం లేదా అని గదమాయించండి. మీ చేతిలో ఉన్నది గది వాడుకునే హక్కే తప్ప రిసార్టులో గజం జాగా కాదన్న సంగతి అతనికి చెప్పొద్దు. మీరూ తలచుకోవద్దు.

2. ఒప్పందం చదవకండి. కొన్నప్పుడే చదవని కాగితాలు ఇప్పుడెందుకు? పేరు మార్పుకు కంపెనీ ఒప్పుకోవాలా, ట్రాన్స్‌ఫర్ ఫీజు ఎంత, అదెవరు కట్టాలి వంటివన్నీ అందులో చిన్నచిన్న అక్షరాల్లో ఉంటాయి. కళ్లకు శ్రమ.

3. ఎలాగూ అమ్మేస్తున్నారు కాబట్టి ఏటా కట్టే మెయింటెనెన్స్ మానేయండి. బకాయి మీద వడ్డీ పడుతుంది, గది బుక్ కాదు, పేరూ మారదు. పర్వాలేదు, అదంతా కొనేవాడి తలనొప్పి అనుకోండి.

4. ప్రకటనలో సీజన్ దాచేయండి. కొన్ని క్లబ్బులు సీజన్లకు పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని రంగులు పెట్టాయి. మీది రద్దీ లేని రోజులకే పనికొచ్చే బ్లూ అయితే ‘ఎప్పుడైనా, ఎక్కడికైనా’ అని రాయండి. మే నెలలో పిల్లలతో ఊటీ వెళ్దామని కొన్నవాడు నిజం తెలిశాక మీ ఇంటికే వస్తాడు. అతిథి మర్యాదలు చేయండి.

5. ఇది ముఖ్యమైనది. ఎవరో ఒకాయన ఫోన్ చేస్తాడు. మీ మెంబర్‌షిప్ నంబరు, గది సైజు ఆయనే చెబుతాడు. ‘సార్, పార్టీ రెడీగా ఉంది, మీరు పెట్టినదానికి డబుల్ ఇస్తారు. ఎన్‌ఓసీ ఖర్చు మాత్రం ముందు కట్టండి, రిఫండబుల్ సార్’ అంటాడు. వెంటనే కట్టండి. రేపు జీఎస్టీ అంటాడు, ఎల్లుండి టీడీఎస్ అంటాడు. అవీ కట్టండి. ‘నాకొచ్చే సొమ్ములోంచే పట్టుకోవచ్చు కదా’ అని మాత్రం అడగొద్దు, లైన్ కట్టవుతుంది. క్లబ్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటే ఆయన మనసు నొచ్చుకుంటుంది. డబ్బు పోయిందని తెలిసినా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చెప్పకండి. ఎంత ఆలస్యమైతే డబ్బు వెనక్కి రావడం అంత కష్టం. ఈలోగా ఆ పెద్దమనిషే మళ్లీ ఫోన్ చేస్తాడేమో చూడండి.

6. కంపెనీవాళ్లు అబద్ధాలు చెప్పి మెంబర్‌షిప్ అంటగట్టారనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కమిషన్‌కు వెళ్లడానికి మామూలుగా రెండేళ్ల గడువు. ఆ రెండేళ్లూ పెళ్లిళ్లలో కనిపించిన బంధువులందరికీ మీ గోడు చెప్పుకోండి. ఫిర్యాదు కాగితం మీద మాత్రం పెట్టకండి.

ఈ ఆరూ తు.చ. తప్పకుండా పాటించినవారి మెంబర్‌షిప్ ఎక్కడికీ పోదు. గడువు తీరేదాకా వారి దగ్గరే భద్రంగా ఉంటుంది, ఏటేటా బిల్లుతో సహా.