ప్లేటు మందమెంతో చెప్పండి మహాప్రభో!

బండ్ల కంపెనీ సర్వీసు విభాగం అధిపతి గారి దివ్య సముఖానికి,

సిద్దిపేట జిల్లా హుస్నాబాద్ నుంచి ఒక 100 సీసీ బండి యజమాని సవినయంగా చేసుకునే విన్నపం ఏమనగా: అర్జీదారుడు శుక్రవారం తెల్లవారుజామున ఇల్లాలిని వెనక కూర్చోబెట్టుకుని శ్రీశైలం బయల్దేరాలి. హైదరాబాద్ దాకా దగ్గర దగ్గర 130 కిలోమీటర్లు, అక్కడి నుంచి మరో 200 పైచిలుకు. ఈ మధ్య బండికి పికప్ తగ్గింది. టాప్ గేరులో రేస్ ఇస్తే ఇంజిన్ మొత్తుకుంటుంది గానీ చక్రం తన పెద్దరికం వదలదు. క్లచ్ జారుతోందని అనుమానం.

అనుమానం తీర్చుకుందామని నిన్న తమరి సర్వీసు సెంటరుకు పోయాడు. కౌంటరులోని అబ్బాయి లేచి బండి వంక కూడా చూడలేదు. కీబోర్డు టకటకలాడించి నాలుగంకెల ఎస్టిమేట్ చేతిలో పెట్టాడు. క్లచ్ ప్లేట్లు, ప్రెషర్ ప్లేట్లు, స్ప్రింగులు, కేబుల్, ఆయిల్, గ్యాస్కెట్, లేబర్.

"ప్లేట్లు అరిగినయా తమ్మీ?"

"లాంగ్ పోతున్నరు కద సార్, మార్చుకుంటే సేఫ్."

అరిగాయో లేదో చూడాలంటే విప్పాలట. విప్పాలంటే సంతకం పెట్టాలట. తీసిన పాతవి చూపిస్తారా అంటే "అవి స్క్రాప్ సార్" అట. అయ్యా, తమరి ఇంట్లో ఎవరికైనా కడుపునొప్పి వస్తే, డాక్టరు చెయ్యి పట్టి చూడకుండా ఆపరేషన్ బిల్లు రాస్తే ఊరుకుంటారా? బిల్లు అతని మొహాన కొట్టి రారూ?

మన్నించాలి. మర్యాద కూడా జారుతోంది.

అర్జీదారుడు చదువుకోనివాడు కాదు. బండితో పాటు ఇచ్చిన పుస్తకం తీశాడు. క్లచ్ లివరుకు 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలని బొమ్మ వేసి మరీ చెప్పారు. పిల్లవాడి స్కేలు తెచ్చి కొలిస్తే 15 వచ్చింది. ఆట లేకుండా కేబుల్ బిగిసి ఉంటే ప్లేట్లు పూర్తిగా కరుచుకోవు. కాబట్టి తప్పు కేబుల్‌ది కాదు. తర్వాత ఆయిల్ డబ్బా తిరగేశాడు. బండి క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, కార్ల ఆయిల్ పోస్తే జారే ప్రమాదం ఉంది. అందుకే జపాన్ వాళ్లు 1998లో బండ్లకు వేరే ప్రమాణం పెట్టారు. డబ్బా మీద ఆ ప్రమాణమే, జాసో ఎంఏ2 అని ఉంది. తప్పు ఆయిల్‌దీ కాదు. ఇక మిగిలింది ప్లేటు మందం. ఎంతకు అరిగితే పారేయాలో మీ వర్క్‌షాపు మాన్యువల్‌లో మిల్లీమీటర్లతో సహా ఉంటుంది. కొన్నవాడి పుస్తకంలో మాత్రం 'డీలరును సంప్రదించండి'. సంప్రదించాడు కదా! పై పేరా మళ్లీ చదువుకోండి.

క్లచ్ అరిగే వస్తువు, వారంటీ రాదంటారు. సరే. ఎంత అరిగిందో చెప్పే పూచీ ఎవరిది?

హాఫ్ క్లచ్ మీద నడపొద్దని పుస్తకంలో ఇంకో సుభాషితం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988 లెక్కల్లో స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. ఇక్కడివి మూరెడు వెడల్పున ఎద్దు మూపురాల్లా లేస్తాయి. కోతల కాలంలో సగం రోడ్డు వడ్లది, మిగతా సగం లారీలది. హాఫ్ క్లచ్ లేకుండా కదిలేదెలా? (2016లో జిల్లా మారింది కనక కాగితాల పనికి సిద్దిపేట, పెళ్లి బట్టలకు ఎప్పటిలా కరీంనగర్. అరిగేది ఒకే క్లచ్.)

చివరికి అర్జీదారుడు తనకు తెలిసిన మెకానిక్ దగ్గరికే పోయాడు. అతను బండిని మూడో గేరులో వేసి, ముందు బ్రేకు గట్టిగా పట్టి, రేస్ ఇస్తూ క్లచ్ వదిలాడు. క్లచ్ బాగుంటే ఇంజిన్ టక్కున ఆగాలి. రెండు గుటకలు మింగి ఆగింది.

"అన్నా, ఊళ్లె అయితే ఇంకో ఆర్నెల్లు ఉరుకుతది. ఘాటుల, డబుల్స్‌తోటి అంటే నేను చెప్ప. ఒకసారి విప్పితే కొత్తయి ఏసుడే నయం, లేబర్ ఎట్లైనా అంతే పడతది. కంపెనీ సామాన్ కావాల్నంటే కరీంనగర్ పోవాలె."

తమరి ఎస్టిమేట్‌లో ఇంత నిజాయితీ లేదు. శ్రీశైలం దారిలోని మన్ననూరు అడవి చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఆ పులుల అడవిలో తమరికి డీలర్‌షిప్ ఉన్నట్టు లేదు. 2022లో ఢిల్లీ వాళ్లు రైట్ టు రిపేర్ పోర్టల్ అని తెరిచారు, అందులో వాహనాలనూ చేర్చారు. ఆ హక్కు హుస్నాబాద్ రావడానికి ఏ బస్సు ఎక్కిందో!

పోనీ, హక్కులూ వద్దు, పాత ప్లేట్లూ వద్దు. ఆ ఒక్క అంకె చెప్పండి బాబూ. మెకానిక్ దగ్గర వెర్నియర్ ఉంది. రేపు గురువారం పొద్దున సైడ్ కవర్ విప్పుతాడు. ప్లేట్లు మీ హద్దు లోపల ఉంటే అవే బిగించి పంపిస్తాడు, సాయంత్రానికి బండి ఇంట్లో ఉంటుంది. ఇల్లాలు అప్పుడే పులిహోరకు చింతపండు తీసి పెట్టింది. అర్జీదారుడు మధ్యాహ్నం దాకా చూస్తాడు. జవాబు రాకపోతే కరీంనగర్ బస్సెక్కుతాడు, బండి విప్పి ఉంటుంది కనక.

ఇట్లు,
హుస్నాబాద్ అర్జీదారుడు