ఆట ఉంటేనే బంగారక్క

గోడకు తగిలించుకోవడానికి నన్నెవరూ అడగరు. దీపం చుట్టూ చుట్టి హాల్లో పెట్టుకోవడానికీ అడగరు. వాటికి నెమళ్లు కావాలి, కృష్ణుడు కావాలి, పట్టాభిషేకం రాముడు కావాలి. నేను తోలుబొమ్మల్లో బంగారక్కను, నవ్వించే కేతిగాడి జోడీని. రామాయణంలో నా పేరు లేదు, భారతంలోనూ లేదు. అయినా ఏ కథ ఆడుతున్నా మధ్యలో తెరమీదికి వచ్చి ఊరి సంగతులు మాట్లాడి పోతాను. ఆట జరిగే రోజుల్లోనే నాకు పని. ఆట మానేసిన చోట నన్ను చెక్కేవాళ్లూ మానేస్తారు. అందుకే నా కథలో సగం నన్ను చేసిన టీచరమ్మదే. బడిలో ఆమె చెప్పేది లెక్కలు. సెలవులొస్తే మాత్రం ఉలి, సుత్తి, రంగు సీసాలు ముందేసుకుని కూర్చుంటుంది.

ఆమె ఈ పని నేర్చుకున్నది ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో. ఆ ఊరు 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. బొమ్మలాటవాళ్ల ఇళ్లలో మాట్లాడుకునేది మరాఠీ. తెర వెనక నిలబడితే మాత్రం రంగనాథ రామాయణం ద్విపదలు తెలుగులో పాడతారు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మన తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇంత పేరున్న ఊళ్లోనూ చాలా ఇళ్లకు తిండి పెడుతున్నది బొమ్మలాట కాదు, దీపాలకు తొడిగే తోలు తొడుగులు. వాటిని నేను తక్కువ చేసి మాట్లాడను. అవి లేకపోతే ఉలి పట్టిన చేతులు ఏనాడో కూలిపనికి పోయేవి. చెక్కడం, రంగు వేయడం ఆ తొడుగుల వల్లే నిలిచాయి. కానీ గొంతుకు, పాటకు, హార్మోనియానికి, తెర వెనక అడుగులకు దీపాల బేరంలో చోటు లేదు. ఆ మిగిలిన సగం పోకూడదన్నదే టీచరమ్మ తపన, నా తపన కూడా.

నాది మేకతోలు. చెప్పులకు వాడే తోలులా దీన్ని పదును చేయరు. పదును చేసిన తోలు వెలుగును తనలోనే దాచేసుకుంటుంది. నన్ను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలూ లోపలి కొవ్వూ గీకి, చుట్టూ మేకులు కొట్టి బిగదీసి ఎండబెట్టారు. నీళ్లు మరీ వేడిగా ఉంటే తోలు ముడుచుకుపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. సరిగ్గా ఎండినదాన్ని వేలితో కొడితే అప్పడంలా మోగుతుంది, ఎండకు పట్టి చూస్తే అవతల ఉన్న చెయ్యి కనిపిస్తుంది. ఆ తోలు మీద టీచరమ్మ తల, మొండెం ఒక ముక్కగా, చేతులూ కాళ్లూ వేరే ముక్కలుగా గీసుకుంది. చెయ్యి భుజం దగ్గర ఒకసారి, మోచేతి దగ్గర ఒకసారి తిరగాలి. తోలుకు చిల్లి పెట్టి దారం దూర్చి రెండువైపులా ముడి వేస్తే కీలు తయారవుతుంది. ముడి బిగిస్తే చెయ్యి కొయ్యబారుతుంది, వదులైతే మాటకు ముందే ఊగుతుంది. ఆ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో పుస్తకం చెప్పలేదు, ముడి వేసే వేళ్లకే తెలియాలి.

తర్వాత ఉలి పని. నా మెడలో దండలు, నడుముకు వడ్డాణం, కొప్పులో పూలు, చీర అంచు, అన్నీ చిల్లులే. పగలు చూస్తే తోలు నిండా బెజ్జాలు కనిపిస్తాయి. వెనక దీపం వెలిగాక ఆ బెజ్జాల్లోంచే నగలు మెరుస్తాయి. తోలు కింద చెక్క పెట్టి, ఒక్కో ఆకారానికి ఒక్కో ఉలి మార్చుతూ, ఒక్కో దెబ్బకు ఒక్కో చుక్క తీయాలి. పక్కపక్కనే తొందరపడి కొడితే మధ్యలోని సన్నటి వంతెన తెగి రెండు చుక్కలు ఒకటైపోతాయి. వడ్డాణం దగ్గర టీచరమ్మ ఊపిరి బిగబట్టి కొట్టేది. ఆ దెబ్బలే నాకు తొలి జ్ఞాపకాలు.

రంగు రెండు పక్కలా వేశారు. నా ముఖం పక్కకు తిరిగి ఉంటుంది కదా, కేతిగాడు కుడినుంచి వస్తే అటు, ఎడమనుంచి వస్తే ఇటు తిరగాలి. ఒక పక్కే రంగుంటే తిరగ్గానే వెలవెలబోతాను. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు తోలులోకి ఇంకి వెలుగును రానిస్తాయి. నలుపు రానివ్వదు. అందుకే గీతలకూ జుట్టుకూ నలుపు. చివరికి చీల్చిన వెదురుబద్ద మధ్య నన్ను నిలువునా ఇరికించి కట్టారు. అదే నా వెన్నెముక. చేతులకు వేరే సన్నటి పుల్లలు.

రాముడు, రావణుడు, ఆంజనేయుడు నాలుగైదు అడుగుల ఎత్తుంటారు, అంతకంటే పెద్దవీ ఉన్నాయి. ఒక్కో బొమ్మకు ఒకటికి మించిన తోళ్లు పడతాయి. నేను చిన్నదాన్ని. ఒక్క తోలులో పుట్టాను, ఒక్క మనిషి చేతిలో ఆడతాను. కొత్తగా ఈ విద్యలోకి వచ్చేవాళ్లు నాతోనో కేతిగాడితోనో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. చాలామంది నేరుగా పది తలల రావణుడికి దిగి, మూడో తల దగ్గర అలిసిపోయి ఉలి కింద పెట్టేస్తారు.

చేయడం ఒక ఎత్తు, ఆడించడం ఇంకో ఎత్తు. నిమ్మలకుంటలో టీచరమ్మకు నేర్పిన తాత నన్ను తెరకు ఆనించి పట్టుకుని చూపించాడు. తెరకు అంటిపెట్టుకుంటే నా అంచులు కత్తిరించినట్టు కనిపిస్తాయి, రంగులు నిండుగా వెలుగుతాయి. జానెడు వెనక్కి తీస్తే పెద్దదాన్నవుతాను, మసకబారతాను. రాక్షసులు రావడానికి, కలలు చూపడానికి ఆ మసక పనికొస్తుంది. మాటలాడేటప్పుడు మాత్రం తెర వదలకూడదు. వెనకటి రోజుల్లో ఆముదం దీపాలుండేవి, తర్వాత పెట్రోమాక్సు లైట్లొచ్చాయి, ఇప్పుడు కరెంటు బల్బులు. టీచరమ్మ ఒక్క పసుపు బల్బే వాడుతుంది. ట్యూబులైటు పొడవునా వెలుగు చిమ్మి నా నీడను చెరిపేస్తుంది. బల్బును కాస్త ఎత్తున వేలాడదీస్తే ఆడించేవాళ్ల నీడ తెర కిందికి జారిపోతుంది, మాకు తెరంతా ఖాళీగా దొరుకుతుంది.

ఆమె నన్నూ కేతిగాణ్ణీ ఒకేసారి ఊపుతుంటే తాత ఆపాడు. “మాట ఎవరిదైతే ఆ బొమ్మ సెయ్యే కదలాల తల్లీ. పక్కబొమ్మ రాయి మాదిరి ఉండాల. లేకుంటే ఎవురు మాట్లాడతాండారో సూసేవాళ్లకు తెలీదు” అన్నాడు. నిజానికి బొమ్మలాటలో సగం విద్య కదలకుండా నిలబడటమే. కేతిగాడు వాగుతున్నంతసేపూ నేను తెరకు అతుక్కుని ఉంటాను. నా చెయ్యి మొదటిసారి లేచేసరికే పిల్లలు నవ్వడం మొదలుపెడతారు. ఇంకా నేను నోరు విప్పలేదు!

గొంతు సంగతి కూడా చెప్పాలి. మా ఆటలో ఆడవేషాలకు ఇంటి ఆడవాళ్లే పాడతారు, మాట్లాడతారు, బొమ్మలు ఆడిస్తారు. తెర వెనక ఆడవాళ్ల చోటు ఎవరో ఇచ్చింది కాదు, మొదటినుంచీ ఉన్నదే. టీచరమ్మ నా గొంతు పట్టుకున్నది తాత కోడలి దగ్గర. ముక్కులోంచి కాస్త సాగదీసి, వాక్యం చివర ఎత్తి వదిలే గొంతు. ఇంటికొచ్చి రాత్రిళ్లు ఆ గొంతును సాధన చేసేది. ఇప్పుడు నన్ను చేతిలోకి తీసుకోగానే ఆమెకు ఆ గొంతు దానంతటదే వస్తుంది.

తెల్లవార్లూ సాగే పాత ఆటల్లో కేతిగాడూ నేనూ మాట్లాడుకునేది పిల్లల ముందు చెప్పే మాటలు కావు. నిద్రపోతున్న ఊరిని లేపడానికి పుట్టిన మోటు సరసం అది. బడిలో దాన్ని ఎలా ఆడాలన్నది టీచరమ్మకు పెద్ద సమస్యే అయింది. నన్ను పూర్తిగా తీసేసి నీతులు చెప్పే బొమ్మను పెట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. మా మాటల్లో సరసంతో పాటు ఎప్పుడూ ఉన్నది ఊరి సంగతి. ఏ ఊళ్లో తెర కడితే ఆ ఊరి చెరువు, ఆ ఊరి పెత్తనం, ఆ ఊరి పెళ్లిళ్లు మా నోట్లోకి వచ్చేవి. ఆమె సరసం తగ్గించి ఊరి సంగతి పెంచింది. కొళాయిలో నీళ్లు రాని రోజు, వేరుశనగ ఎండిపోయిన ఏడు, రాత్రంతా ఫోను చూసి బడిలో తూగే మగపిల్లాడు, పదో తరగతి కాగానే పెళ్లి మాటలు మొదలైన ఆడపిల్ల, వీటన్నిటి గురించీ నేను మాట్లాడాను. ఆడపిల్ల సంగతి వచ్చినప్పుడు వెనక వరసలో కూర్చున్న తల్లులు నవ్వడం ఆపి తెరవైపు చూశారు. అదే మాట వేదికెక్కి ఉపన్యాసంగా చెబితే లేచి వెళ్లిపోయేవాళ్లేమో. బంగారక్క చెబితే విన్నారు.

ఆటలో పిల్లలకు అన్నిటికంటే ఇష్టమైంది లంకాదహనం. యుద్ధం వచ్చేసరికి కింద వేసిన చెక్కల మీద ఆడించేవాళ్లు కాళ్లతో తొక్కుతారు. ఆ చప్పుడుకు నా కీళ్లు కూడా వణుకుతాయి. ఆట అయ్యాక టీచరమ్మ పిల్లల్ని తెర వెనక్కి రానిస్తుంది. నేను దాన్నెంతో మెచ్చుకుంటాను. గుట్టు తెలిస్తే సరదా పోతుందంటారు కానీ, నేను చూసిన పిల్లలు గుట్టు తెలిశాక ఇంకా దగ్గరికి జరిగారు. వెదురుబద్ద పట్టుకుని నన్ను ఒకసారి తిప్పినవాడు తర్వాతి ఆటకు ముందే వచ్చి కూర్చున్నాడు.

ఈ ఆటను నలుగురికీ చేర్చడంలో టీచరమ్మకు కొన్ని పట్టింపులున్నాయి. బొమ్మ కావాలని ఎవరడిగినా తను చేసి అమ్మదు, నిమ్మలకుంటకు దారి చెబుతుంది. ‘గోడకు తగిలించే బొమ్మ కొంటే కొన్నారు, చేతులూ కాళ్లూ కదిలే బొమ్మ కూడా ఒకటి కొనండి’ అంటుంది. పెళ్లికో జాతరకో డబ్బులిచ్చి ఆడించుకుంటామని పిలిస్తే తను వెళ్లదు, వంశపారంపర్యంగా ఆడేవాళ్ల మేళాన్ని పంపిస్తుంది. ఆమెకు జీతం ఉంది, వాళ్లకు ఆటే జీతం. సరదాకు చేసేవాళ్లు బతుకుతెరువుగా చేసేవాళ్ల పక్కన నిలబడాలి, వాళ్ల చోట్లో నిలబడకూడదు. ఇష్టంతో ఈ విద్యలోకి వచ్చే ప్రతి ఒక్కరికీ నేనీ మాట చెబుతాను. ఆమె ఆడేది తన బడిలో, చుట్టుపక్కల బళ్లలో, గ్రంథాలయంలో. మార్చి 21న ప్రపంచ బొమ్మలాట దినం అనీ, 1929లో ప్రాగ్‌లో పుట్టిన ‘యునిమా’ అనే సంస్థ కింద దేశదేశాల బొమ్మలాటవాళ్లు చేరారనీ ఆ రోజు పిల్లలకు చెబుతుంది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటను ప్రస్తావించాడని కూడా. వీడియో తీసేవాళ్లకు ముందే చెప్పి పెడుతుంది, చీకట్లో ఫోను వెలుగు పెంచేసి తెరను సున్నం గోడ చేసేస్తుందని, వెలుగు తగ్గించి తీస్తేనే మా రంగులు వస్తాయని.

అద్దంలో బిగించిన బొమ్మలనూ చూశాను. దుమ్ము పడదు, పురుగు పట్టదు, నూరేళ్లు చెక్కుచెదరకపోవచ్చు. నాకు మాత్రం ఏటా ఏదో ఒక కష్టం. మే నెల ఎండకు అంచులు వంకర తిరుగుతాయి, ముసురు పట్టిందంటే మెత్తబడి చేతులు వాలిపోతాయి. ఆటలు లేనప్పుడు నన్ను రెండు చదును పలకల మధ్య వేపాకు వేసి పడుకోబెడతారు. కుడి మోచేతి ముడి ఎన్నోసార్లు తెగింది, మళ్లీ కట్టారు. వడ్డాణం దగ్గర రంగు వెలిసింది, మళ్లీ వేశారు. అరిగేకొద్దీ బాగుచేసే చేతులున్నాయి కనుక నాకు ఆ అద్దం అక్కర్లేదు.

ఈసారి టీచరమ్మ సొంతూళ్లో తాతవాళ్ల మేళం విరాటపర్వం ఆడబోతోంది. వానల కోసం ఆ పర్వం పెట్టుకోవడం మా వైపు పాత ఆనవాయితీ. ఖర్చు ఊరు పెట్టుకుంది, ఒప్పించింది ఆమె. కేతిగాడితో నా ముచ్చట్ల వరకు ఆమెనే ఆడించమన్నాడు తాత. కీచకుడంత బొమ్మ పక్కన నేను నిలబడటం ఇదే మొదలు. ఇంతలో బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి మా నవ్వించే బొమ్మల్లో ఇంకొకడైన జుట్టుపోలిగాణ్ణి గీసింది. తోలు మీద గీతలయ్యాయి, ఉలి పని సగంలో ఉంది. వాడు తయారైతే నాకూ కేతిగాడికీ మధ్య తగవు పెట్టడానికి మనిషి దొరికినట్టే. వాడి మాటలు తనే రాస్తానని ఆ అమ్మాయి పట్టుబట్టింది. టీచరమ్మ సరేనంది, నన్ను ఏమని తిట్టించాలో ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు.